క్లౌడ్ ప్రొవైడర్ మాటిమాటికీ డౌన్ అవుతుంటే ఎంతవరకు ఓర్చుకోవాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. మీరు తిరుపతిలో నలుగురు కలిసి లాడ్జీలకు బుకింగ్, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ నడుపుతున్నారు. సర్వర్ ఇచ్చిన హోస్టింగ్ కంపెనీ, అదే మీ క్లౌడ్ ప్రొవైడర్, ఈమధ్య మాటిమాటికీ డౌన్ అవుతోంది, ఒక్కోసారి గంటల తరబడి. సర్వీసు నడుస్తోందో లేదో చూపించే వాళ్ల స్టేటస్ పేజీలో మాత్రం అన్నీ పచ్చ లైట్లే. లాడ్జీ ఓనర్లు మిమ్మల్ని పట్టుకుని తిడుతున్నారు. "అమెజాన్ క్లౌడ్ లాంటివే పడిపోతున్నాయి, మారినా ఇదే గోల కదా, ఎన్నిసార్లు చూసి వదిలేయాలి?" అని అడిగారు.

సూటిగా చెప్తాను: ఆ కంపెనీని వదిలేయండి. కానీ ఇప్పుడే కాదు, బ్రహ్మోత్సవాల రద్దీ దాటాక. డౌన్ అవుతున్నారని వదిలేయమనడం లేదు, డౌన్ అయిన సంగతి దాస్తున్నారని వదిలేయమంటున్నాను. ఎన్నిసార్లు ఆగింది అని లెక్కపెట్టడం వల్ల పెద్దగా తేలేదేమీ ఉండదు. ఆగినప్పుడు నిజం చెప్పారా, డేటా భద్రంగా ఉందా, ఏ టైములో ఆగింది, ఈ మూడూ చూడండి. డౌన్ అయిన పది నిమిషాల్లో ఒప్పుకుని, తర్వాత కారణం రాసి పంపే కంపెనీని ఏడాదికి నాలుగైదుసార్లు ఆగినా నేను ఉంచుకుంటాను. బ్యాకప్ విషయంలో ఒక్క అబద్ధం దొరికితే మాత్రం కొత్త ఇల్లు వెతకడం ఆ రోజే మొదలుపెడతాను.

నేను ఇక్కడే పదేళ్లకు పైగా ఇదే పని చేస్తున్నాను. తిరుపతి లాడ్జీలు, కల్యాణ మండపాలు, చిత్తూరు వైపు మామిడి పల్ప్ ఫ్యాక్టరీలు, పాల సేకరణ కేంద్రాలు మా కస్టమర్లు. పెద్ద క్లౌడ్‌లూ వాడాం, హైదరాబాద్, చెన్నైలలో ఉండే చిన్న హోస్టింగ్ వాళ్లనూ వాడాం. అందుకని కాస్త వివరంగా రాస్తాను.

ముందు ఎవరి ఓపిక అన్నది తేల్చుకోవాలి. మీ ఓపిక, మీ కస్టమర్ ఓపిక ఒకటి కాదు. సర్వర్ రెండు గంటలు ఆగితే మీకు అదొక టికెట్టు (కంపెనీకి పెట్టే ఫిర్యాదు), కాసేపు టెన్షన్. లాడ్జీ ఓనర్‌కు క్లౌడ్ కంపెనీ పేరు కూడా తెలీదు. ఆయనకు తెలిసింది మీ ఫోన్ నంబరు ఒక్కటే.

తిరుపతి లాడ్జీ సంగతి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. చాలాచోట్ల చెకౌట్ ఇరవై నాలుగు గంటల లెక్క. మనిషి రాత్రి రెండింటికి దిగితే మర్నాడు రాత్రి రెండింటిదాకా రూము ఆయనదే. అంటే కౌంటర్‌కు పగలూ రాత్రీ అన్న తేడా లేదు. హోస్టింగ్ కంపెనీలు "మెయింటెనెన్స్ తెల్లవారుజామున రెండింటికి పెట్టుకుంటాం, అప్పుడు ట్రాఫిక్ ఉండదు" అంటాయి. బట్టల కొట్టుకు ఆ మాట సరిపోతుంది. కొండ దిగి వచ్చేవాళ్లు, తెల్లవారి దర్శనం కోసం రాత్రి రైలు దిగేవాళ్లు ఉండే ఊళ్లో రెండు గంటలంటే మంచి రద్దీ టైము.

ఒక కేసు చెప్తాను. బస్టాండు దగ్గరి లాడ్జీ ఒకటి వేరే కంపెనీ సాఫ్ట్‌వేర్ వాడుతుండేది. గరుడ సేవ రోజు సాయంత్రం వాళ్ల సర్వర్ ఆగింది. కౌంటర్‌లో కూర్చున్న కుర్రాడు తెలివైనవాడే. స్క్రీన్ మీద చక్రం తిరుగుతూనే ఉంటే, వెనక గోడకు కొక్కేలకు తగిలించి ఉన్న తాళాలు చూసి రూములు ఇచ్చేశాడు. తాళం ఉందంటే రూము ఖాళీ అన్నమాట. పొడుగాటి పుస్తకంలో పేర్లు రాసుకున్నాడు, ఆధార్ కాపీలు తీసుకున్నాడు. రాత్రి తొమ్మిదికల్లా లాడ్జీ నిండింది. సర్వర్ కూడా లేచింది, ఓనర్ సంతోషించాడు కూడా. గొడవ అర్ధరాత్రి మొదలైంది. ఆన్‌లైన్‌లో అడ్వాన్స్ కట్టిన మూడు కుటుంబాలు పిల్లల్నీ పెద్దవాళ్లనీ వెంటబెట్టుకుని వచ్చి నిలబడ్డాయి. వాళ్ల రూముల తాళాలు సాయంత్రం ఆ కొక్కేలకే వేలాడుతుండేవి మరి. ఆ రోజు ఊళ్లో ఇంకెక్కడా రూము దొరకదు. ఓనర్ సాఫ్ట్‌వేర్ వాడికి ఫోన్ చేసి "ఏం స్వామీ, సంవత్సరమంతా బాగుండి గరుడ సేవ రోజే చావాలా మీ సర్వర్‌కి?" అన్నాడట. ఆ నెలాఖరుకు మా దగ్గరికి వచ్చాడు.

ఆ సర్వర్ ఆ ఏడాది మొత్తం మీద ఆగింది చాలా తక్కువట. శాతాల్లో చూస్తే మంచి మార్కులే వస్తాయి. కానీ ఆ ఓనర్ దగ్గర శాతాలు పనిచేయవు. ఆ సాయంత్రం పోయిన మూడు నాలుగు గంటలకు, జూలైలో ఒక మంగళవారం మధ్యాహ్నం పోయిన మూడు నాలుగు గంటలకు ఆయన లెక్కలో పోలికే లేదు.

ఇదే విషయం ఇంకోవైపు నుంచి చూడండి. చిత్తూరు దగ్గర ఒక పల్ప్ ఫ్యాక్టరీకి కాటా దగ్గరి టోకెన్ సాఫ్ట్‌వేర్ మాదే. తోతాపురి సీజన్‌లో ట్రాక్టర్లు, లారీలు గేటు బయట రోడ్డు పొడవునా నిలబడతాయి. లోడుతో ఒక తూకం, కాయ దించాక ఖాళీ బండి తూకం, రెండింటి తేడా మీద చీటీ. కాటా ఐదు నిమిషాలు ఆగితే చాలు, డ్రైవర్లంతా కిటికీ దగ్గరికి వచ్చేస్తారు. ఎండలో నిలబడ్డ కాయకు తూకం తగ్గుతుందని రైతు భయం, ఆ భయంలో తప్పేమీ లేదు. అక్కడ తూకం నేరుగా కాటా గదిలోని కంప్యూటర్‌లోనే సేవ్ అవుతుంది, చీటీ అక్కడే ప్రింట్ అవుతుంది. క్లౌడ్‌కు తర్వాత తీరిగ్గా వెళ్తుంది. ఒకసారి సీజన్ మధ్యలో ప్రొవైడర్ మధ్యాహ్నం దాకా డౌన్. ఫ్యాక్టరీ మేనేజర్‌కు ఆ సంగతి సాయంత్రం నేను చెప్తేనే తెలిసింది. "అవునా, ఇక్కడేం తేడా రాలేదే" అన్నాడు.

రెండుచోట్లా అవుటేజ్ (సర్వర్ ఆగిన సమయం) పొడవు దాదాపు అంతే. ఒకచోట కస్టమర్ పోయాడు, ఇంకోచోట గమనించనే లేదు. కాబట్టి ప్రొవైడర్‌ను మార్చే ముందు, కౌంటర్ దగ్గరి పని నెట్ లేకపోయినా నడిచేలా ఉందా అని చూసుకోండి. లాడ్జీకైతే చేయాల్సింది చాలా చిన్న పని. ఆన్‌లైన్ బుకింగ్ వచ్చిన ప్రతిసారీ ఆ రోజు, మర్నాడు రావాల్సినవాళ్ల లిస్టు కౌంటర్ కంప్యూటర్‌లో ఫైలుగా పడిపోవాలి. ఆ లిస్టు ఉంటే ఆ కుర్రాడు ఆ మూడు తాళాలు ముట్టుకునేవాడు కాదు.

"అమెజాన్ పడితే క్షమిస్తారు, నా చిన్న హోస్టింగ్ పడితే ఎందుకు క్షమించరు?" ఇది మీరు నేరుగా అడగలేదు గానీ మీ ప్రశ్నలో ఉంది. అన్యాయంగా అనిపిస్తుంది, కానీ కారణం ఉంది. 2025 అక్టోబర్ 20న, సరిగ్గా దీపావళి రోజు, అమెజాన్ వాళ్ల వర్జీనియా రీజియన్‌లో డైనమోడీబీ అనే డేటాబేసు సర్వీసుకు సంబంధించిన డీఎన్ఎస్ రికార్డు, అంటే ఆ పేరు ఏ చిరునామాకు వెళ్లాలో చెప్పే నమోదు, ఖాళీ అయిపోయింది. డీఎన్ఎస్‌ను ఆటోమేటిక్‌గా చూసుకునే వాళ్ల సొంత వ్యవస్థలోనే రెండు పనులు ఒకదాన్నొకటి తొక్కుకున్నాయి. మన టైము ప్రకారం మధ్యాహ్నం పన్నెండు దాటాక మొదలై, పూర్తిగా కుదుటపడేసరికి అర్ధరాత్రి దాటింది. ప్రపంచంలో వేల యాప్‌లు ఆగాయి, టీవీల్లో వచ్చింది. ఆ రోజు ఏ కస్టమర్ అయినా మీకు ఫోన్ చేస్తే ఒక న్యూస్ లింకు పంపితే చాలు. అందరికీ పోయిందంటే మనిషికి కోపం సగం తగ్గుతుంది. 2025 మార్చి 26న, మళ్లీ ఏప్రిల్ 12న యూపీఐ ఆగినప్పుడు మన లాడ్జీల్లో ఏం జరిగింది? "ఫోన్‌పే, గూగుల్‌పే ఏదీ పోవడంలా సార్, క్యాష్ ఉంటే ఇవ్వండి" అన్నారు. సాఫ్ట్‌వేర్ వాళ్లను ఎవరూ తిట్టలేదు.

మీ ఒక్కరి సర్వరే ఆగితే అలా ఉండదు. పక్క లాడ్జీలో కంప్యూటర్ పనిచేస్తుంటుంది, మీ కస్టమర్ దగ్గర పనిచేయదు. అప్పుడాయన అడిగేది ఒకటే: "అంత చవకదాన్ని ఎవరు తీసుకోమన్నారు?" చిన్న ప్రొవైడర్‌ను ఎంచుకుంటే ఆ మాట పడటానికి సిద్ధపడే ఎంచుకోవాలి. నేను చిన్న ప్రొవైడర్లను వద్దనడం లేదు. వాళ్లలో ఫోన్ చేస్తే నేరుగా ఇంజనీరే ఎత్తేవాళ్లు ఉన్నారు, పెద్ద క్లౌడ్‌లో నెలకు మూడు వేలు కట్టే మనకు ఆ భాగ్యం ఉండదు. ఏది ఎంచుకున్నా తిట్లు ఎవరి మీద పడతాయన్నది ముందే తెలిసి ఉండాలి.

ఇక నిజం చెప్పడం సంగతి. నా అనుభవంలో కస్టమర్లు ఓర్చుకోలేనిది మౌనాన్నే. పాలాయన ఒకరోజు రాకపోతే ప్యాకెట్ తెచ్చుకుని ఊరుకుంటాం. నీళ్లు కలుపుతున్నాడని తెలిసిన రోజున, మర్నాడు ఎంత చిక్కటి పాలు పోసినా నమ్మం.

ఇందుకు పెద్ద కంపెనీల కేసులే తీసుకోండి. 2017 జనవరి 31న, డెవలపర్లు కోడ్ దాచుకునే గిట్‌ల్యాబ్‌లో ఒక ఇంజనీరు అలసిపోయి ఉన్న వేళ పొరపాటున అసలు డేటాబేస్ ఫోల్డర్‌నే తుడిచేశాడు. బ్యాకప్‌లు చూస్తే ఒక్కటీ సరిగ్గా పనిచేయడం లేదు. సుమారు ఆరు గంటల డేటా పోయింది. ఇంతకంటే ఘోరం ఇంకేముంటుంది? కానీ వాళ్లు ఏం చేస్తున్నదీ అందరూ చదివేలా ఒక డాక్యుమెంట్‌లో ఎప్పటికప్పుడు రాశారు, రిపేరు పనిని యూట్యూబ్‌లో లైవ్ పెట్టారు. ఆ ఇంజనీరును బలిపశువును చేయలేదు. తిట్టినవాళ్లు ఉన్నారు గానీ, డెవలపర్లలో చాలామంది జాలిపడ్డారు, మెచ్చుకున్నారు కూడా.

2022 ఏప్రిల్‌లో, టీముల పనులు చూసుకునే సాఫ్ట్‌వేర్ అమ్మే అట్లాసియన్ వాళ్లది పూర్తిగా వేరే కథ. పాత యాప్ ఒకటి తీసేయడానికి స్క్రిప్టు నడిపితే, తప్పు ఐడీలు ఇవ్వడంతో కస్టమర్ల సైట్లకు సైట్లే డిలీట్ అయ్యాయి. 775 మంది కస్టమర్లకు దెబ్బ తగిలింది, కొందరికి 14 రోజుల వరకు సైట్ తిరిగి రాలేదు. డేటా చివరికి దాదాపుగా వచ్చింది. అయినా జనం మండిపడింది దేనికంటే, మొదటి రోజుల్లో బయటికి సరైన కబురు లేకపోవడానికి. అక్కడ ఒక తమాషా కూడా జరిగింది. సైట్లతో పాటు ఆ కస్టమర్లను పిలవాల్సిన కాంటాక్ట్ వివరాలు కూడా పోయాయి. సపోర్ట్ టికెట్ పెట్టాలంటే సైట్ అడ్రసు ఇవ్వాలి, ఆ సైటేమో లేదు. ఇది వాళ్లు తర్వాత రాసిన రిపోర్టులోనే ఉంది, ముందుగా చెప్పి ఉండాల్సిందని కూడా ఒప్పుకున్నారు.

పచ్చ లైట్ల గురించి ఒక్కమాట. 2017 ఫిబ్రవరి 28న అమెజాన్ ఎస్‌త్రీ (ఫైళ్లు దాచే సర్వీసు) ఆగినప్పుడు వాళ్ల స్టేటస్ డ్యాష్‌బోర్డు కూడా అదే ఎస్‌త్రీ మీద ఆధారపడి ఉండటంతో దాన్ని మార్చలేకపోయారు. ట్విటర్‌లో చెప్పాల్సి వచ్చింది. అంటే పచ్చ లైటు ప్రతిసారీ మోసమే అనుకోనక్కర్లేదు. కానీ మీ ప్రొవైడర్ ప్రతి అవుటేజ్‌లోనూ పచ్చగానే ఉన్నాడంటే, అది స్టేటస్ పేజీ కాదు, గోడకు వేసిన రంగు.

అందుకని నేను వాడే కొలత ఒకటి చెప్తాను, ఈ సమాధానంలో ఇదొక్కటి గుర్తుపెట్టుకున్నా చాలు. మీ సొంత అలారం మోగిన టైముకూ, ప్రొవైడర్ ఒప్పుకున్న టైముకూ మధ్య తేడా రాసుకోండి. మీ సర్వర్‌ను బయటినుంచి నిమిషానికోసారి తట్టి చూసే మానిటర్ ఒకటి పెట్టుకోవాలి, అది ఆ ప్రొవైడర్ దగ్గర ఉండకూడదు. ఇంకో కంపెనీ దగ్గర చిన్న మెషీన్ అయినా సరే, ఆఫీసులో ఊరికే ఉన్న పాత కంప్యూటర్ అయినా సరే. అలారం మోగినప్పుడు టైము, వాళ్లు ఒప్పుకున్నప్పుడు టైము, లేచినప్పుడు టైము ఒక షీట్‌లో పడేయండి. తేడా పది పదిహేను నిమిషాలైతే మామూలే, వాళ్లకూ చూసుకునే టైము కావాలి. గంటలకు పోతుంటే వాళ్ల దగ్గర మానిటరింగ్ లేకపోయి ఉండాలి, లేదా ఉండి దాస్తూ ఉండాలి. మనకు రెండూ ఒకటే. ఈ షీటు రెండు మూడు నెలలు రాస్తే "వదిలేయాలా" అన్న ప్రశ్నకు జవాబు దానంతటదే కనిపిస్తుంది. గొడవ వచ్చినప్పుడు చూపించడానికి కూడా పనికొస్తుంది.

ఇంకోటి, అదే తప్పు మళ్లీ జరుగుతోందా అని చూడండి. 2025 నవంబర్ 18న, వెబ్‌సైట్ల ముందు కాపలాగా ఉండే క్లౌడ్‌ఫ్లేర్ పడింది. బాట్‌లను (మనుషుల్లా సైట్లలోకి వచ్చే ప్రోగ్రాములను) పసిగట్టే ఫైలు ఒకటి ఉండాల్సిన సైజుకు రెట్టింపై సాఫ్ట్‌వేర్‌ను కూల్చేసింది. మన సాయంత్రం ఐదు కావొస్తుండగా మొదలైంది. ఆ రోజే కారణం పూసగుచ్చినట్టు రాశారు, అందరూ "సరేలే" అన్నారు. మూడు వారాలు తిరక్కుండా డిసెంబర్ 5న మధ్యాహ్నం మళ్లీ పడింది, సుమారు 25 నిమిషాలే. షేర్ మార్కెట్ నడుస్తున్న టైములో మన బ్రోకర్ యాప్‌లు కొన్ని ఆగాయి. ఈసారి కూడా కారణం అంతే వివరంగా రాశారు. కానీ రెండోసారి చదివేవాడి మొహం వేరేలా ఉంటుంది. నిజం చెప్పడం వల్ల టైము దొరుకుతుంది, ఆ టైములో బాగుచేసుకోకపోతే అదీ అయిపోతుంది.

ఎస్ఎల్ఏ (ఇంత శాతం టైము సర్వర్ నడుస్తుందని కంపెనీ రాసిచ్చే హామీ) మీద ఆశ పెట్టుకోకండి. "మాకు 99.9 శాతం గ్యారంటీ ఇచ్చారు" అని చాలామంది ధైర్యంగా ఉంటారు. ముప్ఫై రోజుల నెలలో 99.9 అంటే 43 నిమిషాలు ఆగొచ్చు. 99.5 అంటే మూడు గంటల ముప్పై ఆరు నిమిషాలు. 99 అంటే ఏడు గంటల పైమాట. ఇక్కడో మెలిక ఉంది. అమెజాన్ ఈసీటూ (అద్దెకిచ్చే సర్వర్లు) మీద కనపడే 99.99 శాతం మాట, మీ మెషీన్లు ఒకటికి మించిన జోన్లలో (విడివిడి డేటా సెంటర్లలో) నడుస్తున్నప్పటిది. మనలాంటివాళ్లు నడిపేది ఒక్క మెషీన్. దానికి వాళ్లు ఇచ్చే మాట 99.5 శాతమే. ఎస్ఎల్ఏ కాగితం చదివితే అందులోనే ఉంటుంది, చదివేవాళ్లే తక్కువ.

మాట తప్పితే ఇచ్చేదేమిటంటే బిల్లులో కొంత శాతం క్రెడిట్. నెలకు మూడు వేలు కడుతుంటే పది శాతం మూడు వందలు. అదీ మీరు అడగాలి, గడువులోగా అడగాలి, లాగ్‌లు (సర్వర్ రికార్డులు) చూపించాలి. గరుడ సేవ రాత్రి ఆ లాడ్జీ ఓనర్ మూడు కుటుంబాలకు డబ్బు వాపసు ఇచ్చి, వాళ్లను పంపడానికి కార్లు మాట్లాడి పెట్టింది ఎంతో ఆలోచించండి. ఎస్ఎల్ఏ క్రెడిట్‌ను నష్టపరిహారం అనుకోకూడదు. నేనైతే క్రెడిట్ అడగడాన్ని వేరే పనికి వాడతాను. అడిగితే గొణక్కుండా ఇచ్చే కంపెనీ తన అవుటేజ్‌ను ఒప్పుకుంటున్నట్టే. "మా రికార్డుల ప్రకారం అసలు డౌనే కాలేదు" అన్నవాళ్ల దగ్గర ఆ షీటు పెట్టి మాట్లాడతాను. అప్పటికీ అదే మాటంటే అక్కడితో సరి.

కస్టమర్ ఉన్నాడంటే ఓర్చుకుంటున్నాడని కాదు. ప్రొవైడర్లు దీన్ని తరచూ తప్పుగా చదువుతారు, నిజానికి మనమూ మన లాడ్జీల విషయంలో అంతే. చాలామంది ఉండేది వెళ్లలేక. డేటా బయటికి తీయాలంటే జీబీకి ఇంత అని కట్టాలి. వాళ్ల సొంత డేటాబేసు, వాళ్ల సొంత క్యూ, వాళ్ల సొంత లాగిన్ సిస్టమ్ వాడి ఉంటే కోడ్ మళ్లీ రాయాలి. నలుగురున్న కంపెనీలో ఇద్దరు నెలరోజులు దీనిమీదే కూర్చుంటే కొత్త పని ఆగిపోతుంది. అందుకే కిమ్మనకుండా ఉంటారు. టికెట్లు పెట్టడం కూడా మానేస్తారు. టికెట్లు తగ్గాయని ప్రొవైడర్ సంబరపడుతుంటాడు. ఒకరోజు పొద్దున చూస్తే అకౌంట్ ఖాళీ. మీ లాడ్జీ ఓనర్లు తిడుతున్నారన్నారు కదా, నన్నడిగితే అది మంచిదే. తిట్టడం మానేసిన ఓనర్‌కు ముందు ఫోన్ చేయండి.

అమెజాన్, గూగుల్ 2024లో పూర్తిగా వెళ్లిపోయే కస్టమర్లకు డేటా తీసుకెళ్లే ఛార్జీ మాఫీ చేస్తామన్నాయి. దానికి ముందు అప్లై చేసుకోవాలి. చిన్న హోస్టింగ్ వాళ్లలో ఈ ఛార్జీ చాలామందికి ఉండదు, ఆ విషయంలో మీకు సుళువే.

మీ వైపు తప్పును వాళ్ల ఖాతాలో వేయకుండా ఒకటి సరిచూసుకోండి. 2021 అక్టోబర్ 1 నుంచి రిజర్వ్ బ్యాంకు రూల్ ప్రకారం కార్డు నుంచి నెలనెలా దానంతటదే కోసుకునే చెల్లింపులకు ముందస్తు అనుమతి ఉండాలి. మొదట 5,000 రూపాయలు, 2022 జూన్ నుంచి 15,000 దాటితే ప్రతిసారీ ఓటీపీ కొట్టాలి. ఆ ఓటీపీ మెసేజ్ ఎవరూ చూడరు, పేమెంట్ ఫెయిల్ అవుతుంది, విదేశీ క్లౌడ్ కంపెనీ రెండు మెయిళ్లు పెట్టి అకౌంట్ ఆపేస్తుంది. "సర్వర్ డౌన్" అని మా దగ్గరికి వచ్చిన కేసుల్లో ఇలాంటివి బాగానే ఉన్నాయి. బిల్లు మెయిళ్లు ఒక్కరికే కాకుండా ఇద్దరికి వచ్చేలా పెట్టుకోండి, ప్రీపెయిడ్ సౌకర్యం ఉంటే ముందే వేసి ఉంచండి.

డెవలపర్ సర్వీసుల్లో అన్నిటికీ ఒకే కొలత పెట్టకండి. కోడ్ దాచే చోటు, బిల్డ్ చేసే చోటు ఆగితే మనకే ఇబ్బంది, లాడ్జీకి తెలీదు. ఆ పూట రిలీజ్ ఆపుకుంటే సరి. 2018 అక్టోబర్ 21న, అలా కోడ్ దాచే గిట్‌హబ్‌లో 43 సెకన్లు నెట్‌వర్క్ తెగితే, దాని తర్వాత సర్వీసు పూర్తిగా గాడిలో పడటానికి 24 గంటల 11 నిమిషాలు పట్టింది. త్వరగా లేపడం కన్నా డేటా పోకుండా చూడటమే ముఖ్యం అనుకున్నారు. ఆ నిర్ణయం నాకు నచ్చింది. అలాంటివాళ్లను ఓర్చుకోవచ్చు.

ఓటీపీ ఎస్ఎంఎస్ దగ్గర మాత్రం నాకు ఓపిక లేదు. కౌంటర్ ముందు నిలబడ్డ మనిషి ఫోన్‌కు ఓటీపీ రాకపోతే అవతల లైను పెరిగిపోతుంది. మన దేశంలో కంపెనీలు పంపే ఎస్ఎంఎస్‌కు డీఎల్‌టీ రిజిస్ట్రేషన్ (టెలికాం కంపెనీల దగ్గర నమోదు) ఉండాలి. హెడర్ (పంపేవారి పేరు), మెసేజ్ టెంప్లేట్ (మెసేజ్ నమూనా) ముందే నమోదు చేయాలి, అక్షరం తేడా ఉన్నా మెసేజ్ ఆగిపోతుంది. 2021 మార్చి 8న ఈ తనిఖీ కఠినంగా మొదలుపెట్టిన రోజే దేశమంతా ఓటీపీలు ఆగి, టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ దాన్ని వారం వాయిదా వేయాల్సి వచ్చింది. చాలామందికి తెలియని సంగతేమిటంటే, ఆ రిజిస్ట్రేషన్ మీ కంపెనీ పేరు మీద ఉంటుంది, ఎస్ఎంఎస్ అమ్మినవాడి పేరు మీద కాదు. అవే హెడర్లు, అవే టెంప్లేట్లతో ఇంకొకరి దగ్గర రెండో అకౌంట్ తెరిచి ఉంచుకోవచ్చు. ఒకరు ఆలస్యం చేస్తే ఇంకొకరికి తిప్పేయడమే. ఎస్ఎంఎస్ లాంటి చోట్ల ఇద్దరు ప్రొవైడర్లు ఉండాలి. సర్వర్ మొత్తాన్ని రెండు క్లౌడ్‌ల మీద నడపమని మాత్రం ఎవరైనా సలహా ఇస్తే దండం పెట్టేయండి. నలుగురు మనుషులకు అది మించిన బరువు, ఆ రెండింటినీ కలిపే చోటే ముందు విరుగుతుంది.

బ్యాకప్ దగ్గర ఓపిక సున్నా. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ అనే హోస్టింగ్ కంపెనీ డేటా సెంటర్ కాలిపోయింది. బ్యాకప్‌లు కూడా అక్కడే ఉన్నవాళ్లకు రెండూ పోయాయి. 2024 మేలో ఆస్ట్రేలియా పెన్షన్ ఫండ్ యూనిసూపర్ గూగుల్ దగ్గర నడిపే ప్రైవేట్ క్లౌడ్, గూగుల్ వైపు జరిగిన ఒక సెట్టింగ్ పొరపాటుతో డిలీట్ అయింది. ఆరు లక్షల పైచిలుకు సభ్యులు రోజుల తరబడి తమ ఖాతాలు చూసుకోలేకపోయారు. ఇంకో ప్రొవైడర్ దగ్గర కూడా బ్యాకప్ దాచి ఉండటం వాళ్లకు పనికొచ్చింది. మన స్థాయిలో ఇలాంటిదే నేను చూశాను. ఒక పాల సేకరణ కేంద్రం వాళ్లు మా దగ్గరికి వచ్చేముందు ఒక చిన్న హోస్టింగ్ వాడి దగ్గర ఉండేవాళ్లు. "రోజూ బ్యాకప్ తీస్తున్నాం సార్" అని ఆయన మాట. ఒక పాత తేదీ చెప్పి, ఆ రోజు డేటా వేరే మెషీన్‌లో ఎక్కించి చూపించమన్నాం. రెండు రోజులు రకరకాల సాకులు చెప్పి చివరికి చూపించింది అదే సర్వర్‌లో ఇంకో ఫోల్డర్. అందులో చివరి ఫైలు నెలల కిందటిది. రైతుల ఫ్యాట్ రీడింగులు, చెల్లింపుల లెక్కలు అన్నీ ఆ ఒక్క డిస్కు మీదే నడుస్తున్నాయి. ఆ వారమే డేటా బయటికి తెచ్చేశాం. విచిత్రమేమిటంటే ఆయన సర్వర్ ఒక్కసారి కూడా డౌన్ కాలేదు.

మీరు ఈ వారమే మీ ప్రొవైడర్‌ను ఇదే అడగండి. ఫలానా తేదీ డేటా రీస్టోర్ చేసి చూపించండి అని. వాళ్ల జవాబు ఎలా ఉన్నా, రాత్రికోసారి మీ డేటాబేసు కాపీ వేరే కంపెనీ దగ్గరికి వెళ్లేలా ఈరోజే పెట్టేయండి. లాడ్జీ డేటా ఎంతుంటుంది, కొన్ని జీబీలు. నెలకు టీ ఖర్చు కూడా కాదు.

మారే పని ఇలా చేసుకోండి. డొమైన్ పేరు హోస్టింగ్ వాడి దగ్గరే కొని ఉంటే ముందు దాన్ని వేరే రిజిస్ట్రార్‌కు (డొమైన్ పేర్లు అమ్మే కంపెనీకి) మార్చండి. గొడవ పడ్డాక డొమైన్ చేతిలో లేకపోతే మిగతా ఏదీ కదలదు. డీఎన్ఎస్ టీటీఎల్ (పాత చిరునామాను ఎంతసేపు గుర్తుంచుకోవాలన్న సెట్టింగ్) ఐదు నిమిషాలకు తగ్గించి ఉంచండి. కొత్త చోట మామూలు లైనక్స్, మామూలు పోస్ట్‌గ్రెస్ లేదా మైఎస్‌క్యూఎల్ డేటాబేసు తీసుకోండి, ప్రొవైడర్ సొంత సర్వీసుల జోలికి పోకండి. ముంబైలోనో హైదరాబాద్‌లోనో ఉండే రీజియన్ అయితే మనకు వేగం కూడా బాగుంటుంది. మీకు తెలిసిన, కాస్త ఓపికున్న ఒకట్రెండు లాడ్జీలను ముందు మార్చి రెండు వారాలు చూడండి. బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి, వేసవి సెలవులు, మూడు వందల రూపాయల దర్శనం కోటా తెరిచే రోజు, వీటి దగ్గర్లో ఏదీ ముట్టుకోవద్దు. పాత సర్వర్‌ను ఒక నెల అదనంగా డబ్బు కట్టి అలాగే ఉంచండి.

ఈలోపు లాడ్జీ ఓనర్లతో ఏం మాట్లాడాలి అంటే, ఆగినప్పుడు వాళ్లు ఫోన్ చేసేలోపు మీరే వాట్సాప్ గ్రూపులో పెట్టండి: "సర్వర్ ఆగింది, రావాల్సినవాళ్ల లిస్టు కౌంటర్ కంప్యూటర్‌లో ఫలానా ఫోల్డర్‌లో ఉంది, పుస్తకంలో రాసుకోండి, అరగంటలో మళ్లీ చెప్తాం." అరగంటకు లేవకపోయినా సరే, "ఇంకా లేవలేదు" అని చెప్పండి. హోస్టింగ్ కంపెనీ పేరు ఎత్తకండి, వాళ్లకు అనవసరం. అగ్రిమెంట్ రెన్యువల్‌కు వచ్చినప్పుడు రద్దీ రోజుల్లో ఆగితే ఆ నెల ఛార్జీ తీసుకోం అని రాసివ్వండి. మేం రాసిస్తున్నాం. ఆ మాట మీద సంతకం పెట్టాక, ఏ ప్రొవైడర్ దగ్గర ఉండాలన్నది మీకు చాలా త్వరగా తేలిపోతుంది.

డేటాబేసు సైజు, ఇప్పుడు నెలకు ఎంత కడుతున్నారో కింద రాయండి, ఎలాంటి మెషీన్ సరిపోతుందో చెప్తాను.